వాన పడగానే లేచేవాడు

"పొయ్యిల నువ్వు పెడ్తవా, నన్ను పెట్టమంటవా?"

కౌసల్యమ్మ చంకలో పుస్తకాల కట్ట ఉంది. అట్ట మీద ఎత్తైన గోడ, గోడ మీద సైరన్, గోడ కింద ముక్కు మూసుకుని నిలబడ్డ ఒక పిల్ల. పేరు 'సైరన్ పట్నం'. కింద 'యువతరం నవల' అని, దాని కింద 'సుమిత్ర' అని. సంగారెడ్డి ప్రెస్సులో అచ్చయి ఇంటికి వచ్చిన రోజున ఇదే కట్టకు పసుపూ కుంకుమా పెట్టి దేవుడి గూట్లో ఉంచింది కౌసల్యమ్మ. చుట్టుపక్కల ఇళ్ళకు బెల్లం ముక్క కూడా పంచింది.

"నేనెందుకు పెడ్త? నేను రాసిన," అంది సుమిత్ర.

"రాసినవు గనుకనే కొంప మీదికొచ్చింది!"

"ఊళ్ళె ఇంటింటికి ఉన్నదమ్మా. గీ కట్ట ఒక్కటి కాలవెడితే ఏమైతది?"

"నా కండ్ల ముందరన్న ఉండది."

పొద్దున ఇంటికొచ్చిన రసాయనాల కంపెనీ సూపర్‌వైజర్ తాగకుండా వదిలేసి పోయిన చాయ్ అరుగు మీద అలాగే ఉంది. మీద మీగడ కట్టింది. అతను అరిచి ఉంటే ఎంత బాగుండేది! అరిచే మనిషంటే కౌసల్యమ్మకు భయం లేదు, తను రెండింతలు అరవగలదు. కానీ అతను చెప్పులు విడిచి అరుగెక్కాడు. కూర్చోమన్నాకే కూర్చున్నాడు. పుస్తకం తీసి, మడత పెట్టుకున్న పేజీని బడిలో పిల్లవాడిలా గట్టిగా చదివాడు.

'వానొస్తే కోట స్నానం చేస్తుంది, ముసుగుమనిషి నీళ్ళు పోసి వస్తాడు అని ఆ పట్నంలో తల్లులు పిల్లలకు చెప్పేవాళ్ళు.'

చదివి నవ్వాడు. "ఈ మాట నీకు ఎవరు చెప్పిన్రమ్మా?" అని అడిగాడు.

"ఎవ్వరు చెప్పలే సార్. నేనే కల్పించిన," అంది సుమిత్ర. అది నిజమనే అనుకుంది.

ఆ మాట వింటూ సత్తయ్య తల దించుకుని తన కాలి బొటనవేలిని చూసుకున్నాడు. సుమిత్ర తండ్రి ఆయన. ఉన్న చెల్క భూమిలో సగం కంపెనీకే అమ్మి, అదే కంపెనీలో పనికి కుదిరినవాడు.

"సాయంత్రం యువజన సంఘం గదిల నీ పుస్తకం మీద మీటింగట గద. నువ్వు లేచి ఒక్క మాట చెప్తే చాలు. ఇదంతా నా ఊహ, ఇసొంటి మనిషి ఎక్కడ లేడు అని. అంతే. లేకుంటె పైనోళ్ళు సత్తయ్యనే అడుగుతరు, ఇంట్ల ఏం మాట్లాడుతున్నవు అని. ఇంకా సర్వీసు బాగ మిగిలింది గద సత్తయ్యకు." ఇలా చెప్పి లేచాడు. పోతూ పోతూ కౌసల్యమ్మకు నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారమే ఆమెను భయపెట్టింది.

"ఒట్టేసి చెప్పు," అంది ఇప్పుడు కౌసల్యమ్మ. "ఆ స్నానం మాట నీకు యాడ దొరికింది?"

"దొరకలేదు. రాస్తుంటే వచ్చింది."

"గట్లెట్లొస్తది?"

"కథ రాసేటప్పుడు గట్లనే వస్తదమ్మా."

కౌసల్యమ్మ వాకిట్లోకి వెళ్ళి ఆకాశం చూసింది. ముత్తంగి వైపు నుంచి మబ్బు లేస్తోంది.

ఆ ఊళ్ళో ఈ మధ్య మబ్బును చూసి ఎవరూ సంతోషించడం లేదు. తొలి వానకు వాగు నల్లగా వచ్చింది. ఆ నీళ్ళు తాగి, పాలమ్ముకుని బతికే ఐలన్న బర్రెలు ఒడ్డునే కాళ్ళు చాపి చచ్చాయి. రోడ్ల మీది మురికి కొట్టుకొచ్చిందని కంపెనీ అంది. కాదు, వాన కోసం కాచుకుని కూర్చుని, వాన పడగానే కంపెనీ లోపలి విషపు నీళ్ళు ఎవడో వదులుతున్నాడని ఊరు అంది. వదిలేవాడు దొరికితే అదే వాగులో తొక్కి పెడతానని పోచమ్మ గుడి ముందు కొబ్బరికాయ కొట్టి మరీ చెప్పాడు ఐలన్న. మాట తప్పే మనిషి కాదాయన.

అదే అదనుకు వచ్చింది ఈ పిల్ల పుస్తకం. అందులో వాన పడగానే ఒక ముసుగుమనిషి చక్రం తిప్పి కోటలోని విషపు నీళ్ళను వాగులోకి వదులుతుంటాడు. నీలి అనే పిల్ల అంటుంది: 'వాన పడగానే ఎవడు లేస్తాడో చూడండి. వాడే!' చదవడం వచ్చిన పిల్లలు చదవడం రాని పెద్దవాళ్ళకు వినిపించారు. ఆ మాట ఊరంతా పాకింది. చినుకు పడినప్పుడు ఎవరైనా అన్నం ముందు నుంచి లేస్తే, "ఏమోయ్, చక్రం తిప్పనీకి పోతున్నవా?" అని ఒకటే నవ్వులు. నవ్వుతూనే, లేచిన మనిషి ఎటు పోతున్నాడో చూసేవాళ్ళు.

*

"బిడ్డా, గిట్ల రా."

సత్తయ్య బోరింగు గద్దె మీద కూర్చున్నాడు. ఆ బోరింగుకు ఎర్ర రంగు పూసి పోయారు సర్కారువాళ్ళు, నీళ్ళు తాగొద్దని. అప్పటి నుంచి అక్కడికి ఎవరూ రారు. మాట్లాడుకోవడానికి ఊళ్ళో అంతకన్నా మంచి చోటు లేదు.

సుమిత్ర వచ్చి పక్కన నిలబడింది. తండ్రి తిడతాడని అనుకుంది. ఆయన తిట్టలేదు.

"చదివిన," అన్నాడు.

"ఎప్పుడు?"

"డ్యూటీల. రోజింత, రోజింత. మంచిగ రాసినవు."

ఇంట్లో నిప్పంటుకుని ఉన్నా రాసిన మనిషికి ఒక బుద్ధి ఉంటుంది చూడండి, అది ఊరుకోదు. "ఏం మంచిగున్నది బాపు?" అని అడగనే అడిగింది.

"వాసన." సత్తయ్య తన చొక్కా అంచు పట్టుకున్నాడు. "ఆ పట్నంల ఎవ్వలికి వాసన రాదు. నీలికొక్కదానికే వస్తది. వాసనొచ్చే పిల్లలను పట్కపోతరని వాళ్ళమ్మ దాని ముక్కుకు గుడ్డ కడ్తది. అది చదివినంక నేను నా సొక్క వాసన చూస్కున్న. ఏం రాలే బిడ్డా. మీ అమ్మనడిగితే దూరం జరిగింది."

సుమిత్రకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

"మరి తక్కువేంది?"

"ఎందుకు తియ్యి."

"చెప్పు బాపు. సాయంత్రం మా కాలేజి నర్సరాజు సారు ఎట్లయిన చెప్తడు."

"ముసుగుమనిషి," అన్నాడు సత్తయ్య.

"ఆయన విలన్ గద."

"ఎందుకు తిప్పుతడు చక్రం?"

"చెడ్డోడు గనుక."

"గంతేనా? డ్యూటీ దిగినంక ఇంటికి పోడా? అన్నం తినడా? కల్లు దుకాన్ల ఎవ్వలు ఆన్ని పలకరియ్యరా?" సత్తయ్య గొంతు పెంచలేదు. "ఆఖరికి నీలి ఆన్ని వాగులకు నూకుతది. ఊరంత చప్పట్లు కొడ్తది. ఆ పేజీ నేను మళ్ళ మళ్ళ చదివిన. ఆని కోసం ఏడ్చేటోళ్ళు ఒక్కలన్న ఉంటరేమోనని చూసిన. లేరు."

మాట్లాడుతుంటే ఆయన చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అలవాటు అది. మొలతాడుకు ఒక తాళంచెవి ఉంటుంది, పొడుగ్గా, ఇనుప రంగులో. స్నానం చేసినా, నిద్రపోయినా దాన్ని తీయడు. సుమిత్ర పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తోంది. బట్టలు పెట్టుకునే పెట్టెదని అనుకునేది.

చిన్నప్పుడు ఒకసారి బాగా వాన. సెలవు రోజు. స్కూటర్ మీద ఎవరో వచ్చి హారన్ కొట్టారు. పోవద్దని తండ్రి కాలు పట్టుకుని ఏడ్చింది తను. ఆయన వంగి, ముక్కు తుడిచి, ఇలా అన్నాడు: "వానకు కంపెనీ స్నానం జేస్తది బిడ్డా. నేను నీళ్ళు పోసి జల్దీ వస్త."

ఇన్నేళ్ళూ ఆ మాట ఎక్కడుందో గాని, ఇప్పుడు మొత్తం వచ్చి ఎదురుగా నిలబడింది. రాస్తుంటే ఊరికే రాలేదది. ఆయనే ఇచ్చాడు. ఏడుపు మాన్పించడానికి ఇచ్చినదాన్ని తను అచ్చు వేయించి ఊరంతా పంచింది.

సుమిత్ర ఆయన నడుము వైపు చూసింది.

"బాపూ, ఆ తాళంచెవి..."

"చక్రానికేసిన తాళానిది. కంపెనీల పెట్టరు దాన్ని. తనిఖీకొచ్చినోళ్ళకు దొరుకొద్దని తిప్పేటోని నడుముకే కట్టిచ్చిన్రు."

"ఐలన్న పెద్దబాపు బర్లు..."

"నాకు తెల్వది," అన్నాడు సత్తయ్య గబుక్కున. తర్వాత బోరింగు మీది ఎర్ర రంగును గోటితో గీకాడు. "తెలుసు," అన్నాడు.

"మరెందుకు తిప్పినవు?"

"తిప్పమన్నరు."

"అయితే గంతేనా?"

ఇంతకు ముందు ఆయన అడిగిన మాటే ఇది. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది. సత్తయ్య ముఖం తిప్పుకున్నాడు.

"నేను సాయంత్రం ఏం చెప్పాలె?" ఏడుపు ఆపుకుంటూ అడిగింది సుమిత్ర.

"సూపర్‌వైజర్ ఏం చెప్పమన్నడో గదే చెప్పు. నాకు నౌకరి పోతదని గాదు. ఐలన్న కండ్లల్లకు నేనెట్ల చూడాలె? ఆయన నన్ను తమ్మీ అని పిలుస్తడు." గొంతు తగ్గించాడు. "మీ అమ్మకు తెల్వది. చెప్పకు."

కౌసల్యమ్మ వాళ్ళ వెనకే నిలబడి ఉంది, చంకలో కట్టతోనే. ఎప్పుడు వచ్చిందో! ఎంత విన్నదో అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. ఆమె వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయింది.

కాసేపటికి కాలుతున్న కాగితం వాసన వచ్చింది. అది సుమిత్రకే వచ్చింది. సత్తయ్య ఏమీ తెలియనట్టు మబ్బు వైపు చూస్తూ కూర్చున్నాడు.

*

సంఘం గదికి ఒకటే తలుపు, పైన రేకులు. మామూలుగా క్యారమ్ బోర్డు చుట్టూ నలుగురు తప్ప ఉండని ఆ గదిలో ఆ సాయంత్రం కాలు పెట్టే సందు లేదు. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. తలుపు పక్కనే గొంగడి పరుచుకుని ఐలన్న. గోడకు ఆనుకుని వెనకాల సత్తయ్య. రానంటాడని అనుకుంది సుమిత్ర. రాకపోతే అదొక మాటవుతుందని ఆయన వచ్చాడు.

కాలేజీలో సుమిత్రకు తెలుగు చెప్పే నర్సరాజు సారు బస్సు దిగి నేరుగా వచ్చారు. గొంతు సవరించుకున్నారు.

"ఏ రచనకైనా గుణాలుంటాయి, దోషాలుంటాయి. గుణాలు ముందు చెప్పుకుందాం. భయపెట్టడం తేలిక కాదు. మన అమ్మాయి దయ్యాలను తేలేదు, రాక్షసులను తేలేదు. సైరన్ మోగితే లేచి, సైరన్ మోగితే పడుకునే మనుషులను తెచ్చింది. ముక్కులుండీ వాసన పోయిన మనుషులను తెచ్చింది. ఇది రాబోయే కాలపు కథ అంటుంది గాని, నేను బస్సులో పటాన్‌చెరు దాటుతుంటే కిటికీ మూసేశాను. పక్కన కూర్చున్నాయన ఎందుకు మూశావని అడిగాడు. అతనికి ఏ వాసనా లేదట."

ఎవరో నవ్వారు. చాలామంది నవ్వలేదు.

"ఇక దోషాలు. ఈ నవలలో పెద్దవాళ్ళంతా దద్దమ్మలు, లేకపోతే దుర్మార్గులు. యువతరం కోసం రాసేవాళ్ళు తరచూ చేసే తప్పే ఇది. పదిహేనేళ్ళ పిల్లకు తప్ప ఇంకెవరికీ ఏమీ తెలియదు..."

"నేను గూడ గదే అంటున్న సారు," అంటూ అందుకుంది మల్లవ్వ. నాట్లకూ కలుపుకూ పోయే మనిషి, ఇప్పుడు కంపెనీ క్యాంటీన్‌లో గిన్నెలు తోముతోంది. మనవరాలి చేత పుస్తకం మొత్తం చదివించుకుని విన్నది. "ఆ పిల్ల ఒక్కతే అంత పని ఎట్ల జేస్తది? ఊళ్ళె ఆడోళ్ళు లేరా? నన్నన్న పిలువరాదు?"

ఈసారి అందరూ నవ్వారు.

"ఇంకోటి. చక్రం ఉల్టా తిప్పంగనే వాగు తేటగయ్యిందట. మన బోరింగుకు ఎర్ర రంగేసి ఎన్నేండ్లాయె? తేటగయ్యిందా? రాసుడేమో అల్కగ రాసింది పోరి."

"అదీ దోషమే," అని ఒప్పుకున్నారు సారు. "ముగింపు తొందరగా అయిపోయింది. ఇప్పుడు రచయిత్రి మాట్లాడుతుంది."

సుమిత్ర లేచి నిలబడింది. ఇంటి దగ్గర వందసార్లు అనుకున్న మాటలే. తలుపు అవతల, కాస్త దూరాన సూపర్‌వైజర్ స్కూటర్ ఆగి ఉంది. అతను దిగలేదు. హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని వింటున్నాడు.

"సారు చెప్పిన తప్పులు ఒప్పుకుంటున్నాను," అంది. "ఇంకొకటి చెప్పాలి. ఇదంతా నా ఊహ. ఆ ముసుగుమనిషి... అలాంటి మనిషి ఎక్కడా లేడు."

ఆడవాళ్ళ మధ్యలో కౌసల్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"లేకుంటె నా బర్లెట్ల సచ్చినయి బిడ్డా?" ఐలన్న కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. ఆ గొంతు విని సుమిత్రకు ఇంకా భయమేసింది.

జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. రేకుల మీద మొదటి చినుకు పడింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే రేకులు దడదడలాడాయి.

ఎవరూ లేవలేదు.

ఇంకెప్పుడైనా అయితే సగం గది ఖాళీ అయ్యేది. బట్టలు ఆరేసుకున్నవాళ్ళున్నారు, మేకలను బయట కట్టేసినవాళ్ళున్నారు. మల్లవ్వకు మిద్దె మీద మిరపకాయలున్నాయి. "నా మిరపకాయలు," అంది మెల్లగా. అని అక్కడే కూర్చుంది.

మగవాళ్ళ వైపు ప్రతివాడూ పక్కవాణ్ణి చూస్తున్నాడు. ప్రతి ఇంట్లో ఒకరు ఏదో ఒక కంపెనీలో ఉన్నారు. లేవబోయిన ఒకతను, అందరూ తనవైపే చూడడంతో, కాలు తిమ్మిరెక్కిందని చెప్పి మళ్ళీ కూర్చున్నాడు. అలా చెప్పమని అతన్ని ఎవరూ అడగలేదు.

ఇదంతా తను రాసిన ఒక్క వాక్యం చేసిన పని. తన పుస్తకానికి ఇంత బలం ఉందని సుమిత్రకు అప్పుడే తెలిసింది. ఆ బలం చూసి తనే భయపడింది.

బయట హారన్ మోగింది.

సత్తయ్య కదల్లేదు. చెయ్యి నడుము మీద ఉంది.

హారన్ మళ్ళీ మోగింది. ఈసారి పొడుగ్గా. 'లేవకు బాపూ,' అనుకుంది సుమిత్ర. లేవకపోతే ఉద్యోగం పోతుంది. లేస్తే ఐలన్న తలుపు దగ్గరే ఉన్నాడు. ఎటు చూసినా దారి కనిపించలేదు ఆమెకు.

సూపర్‌వైజర్ తడుస్తూ గుమ్మంలోకి వచ్చాడు. పొద్దున్న ఉన్న నవ్వు లేదు. అతనూ ఎవరికో జవాబు చెప్పుకోవాల్సినవాడే కదా. ఎవరినీ చూడకుండా, గోడను చూస్తూ అన్నాడు: "జెర ఒకరు బయటికి రావాలె. అర్జెంటు పనున్నది."

ఎవరు అని ఎవ్వరూ అడగలేదు.

అప్పుడు లేచాడు సత్తయ్య.

గదిలో అందరి తలలూ ఒకేసారి తిరిగాయి. కౌసల్యమ్మ "అయ్యో" అంది, అంతే. సత్తయ్య మాత్రం తలుపు వైపు చూడలేదు. నర్సరాజు సారు వైపు చూశాడు.

"సారూ, మీరు తప్పులన్ని చెప్పిన్రు. ఒకటి ఇడిచిపెట్టిన్రు."

"ఏమిటండీ అది?" అన్నారు సారు, ఏమీ తెలియక.

"ముసుగుమనిషికి నా బిడ్డ పేరు పెట్టలే. పేరు లేకుంటె ఆడు ఎవడన్న కావచ్చు, అసలే లేకపోవచ్చు. ఆనికి పేరుంటది సారు. ఇల్లుంటది, పెండ్లాముంటది. గిట్ల పుస్తకం రాసే బిడ్డ గూడ ఉంటది."

"సత్తయ్యా!" అని అరిచాడు సూపర్‌వైజర్. "నడువ్! తాళంచెవి తీస్కొని నడువ్!"

అన్నాక, తనేమన్నాడో అతనికే అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

సత్తయ్య చొక్కా పైకెత్తి మొలతాడు తెంపాడు. ఇనుప తాళంచెవి అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. గుమ్మం అవతల వాగు వైపు వాన ఇంకా పెద్దదైంది.

సుమిత్ర తండ్రి దగ్గరికి పోదామనుకుంది. మధ్యలో ఒక్కరూ జరగలేదు.

ఐలన్న గొంగడి మీది నుంచి లేచాడు. సూపర్‌వైజర్ ముఖం మీదే తలుపు మూశాడు. లోపలి గడియ పెట్టి, సత్తయ్య వైపు తిరిగాడు.